పిట్టల సిలబస్

మంచం మీద మూడు పుస్తకాలు పరిచి
పది రోజులైంది.
నచ్చకపోతే పదిహేనులోగా వెనక్కివ్వొచ్చు,
రసీదు మీద కాకినాడ షాపువాడి సంతకం.

మొదటిదాని అట్ట మీద ఎర్రరొమ్ము పిట్ట,
మంచు కొమ్మ మీద ఒళ్లు ఉబ్బించుకుని.
తాళ్లరేవులో పుట్టిన నా పిల్లలకి
మంచంటే రొయ్యల మీద పారతో పోసేది.
ముప్పై ఆరు వారాలు, వారానికో పిట్ట.
అక్టోబరులో అన్నీ దక్షిణానికి ఎగిరిపోతాయి,
కిటికీ దగ్గర ఒక పిల్లాడు దిగులుగా చెయ్యూపుతాడు.
"దక్షిణమంటే మనమే కదమ్మా" అంది సువర్చల.
"వెళ్లిపోయాయని వాడు ఏడ్చే పేజీలో
వచ్చేశాయని రాసుకోనా?"

రెండోది చౌక.
గళ్లల్లో టిక్కులు పెట్టాలి.
ముక్కు పొట్టిదా, పొడుగుదా.
ఉపకారి పిట్టా, అపకారి పిట్టా.
జవాబులు చివర తలకిందులుగా అచ్చేశారు,
పిల్లలకి పుస్తకం తిప్పడం రాదన్నట్టు.

మూడోదానితో బైనాక్యులర్సు ఉచితం.
ఒక కంటికే కనిపిస్తోంది.

"బడి మాన్పించిందీ నువ్వే,
బడిని కొనుక్కొచ్చిందీ నువ్వే" అన్నారు మా ఆయన
చొక్కా గుండీలు పెట్టుకుంటూ.
ఏం చెప్పను.
మాన్పించింది తారకేశు కోసం.
మాట మొదటి అక్షరం దగ్గర వాడు ఆగితే
మిగతా మాటని క్లాసంతా కలిసి పూర్తిచేసేది.

ఆదివారం పొద్దున్న పుస్తకాలు మూసి
ఇద్దర్నీ చెరువు గట్టుకి తీసుకెళ్లాను.
పెమ్మాడి నూకరాజు ఉన్నాడక్కడ.
పిట్టల్ని తోలడమే అతని ఉద్యోగం.
ఒక చేత్తో రేకు డబ్బా, జేబులో సీమటపాకాయలు,
ఏరేటర్ల హోరులో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.
అతనికి పిట్టలన్నీ దొంగతనాన్ని బట్టి తెలుసు.
"నీటికాకి మునుగుడు దొంగండి.
గుడ్డికొంగ, అదిగో, నిద్ర నటించే దొంగ.
లకుముకి దూకుడు దొంగ.
నారాయణపక్షి మాత్రం, ఆయ్,
పెద్దమనిషండి, నిలబడి తింటాది."

చెరువు మీద అడ్డంగా కట్టిన దారాల్లో
ఒక నీటికాకి చిక్కుకుని ఉంది.
నూకరాజు మొలలోతు నీళ్లలోకి దిగి
బ్లేడుతో ఒక్కో పోగూ కోశాడు.
అది అతని బొటనవేలు కొరికింది.
రెక్క విప్పి చూపించాడు పిల్లలకి,
"ఒళ్లంతా తడిసిపోయింది సూడండి.
బాతులాగా దీనికి నీళ్లు జారిపోవండి,
అందుకే కర్రెక్కి రెక్కలారేసుకుంటాది."
పుస్తకంలో పదకొండో పాఠం అది.

సువర్చల అడిగింది,
"నువ్వు దానికి ఉపకారివా, అపకారివా?"
అతను వేలు చప్పరించి కాసేపు ఆలోచించాడు.
"జీతం పన్నెండు వేలండి పాపగారూ."

పిట్టని మడ అడవి వైపు వదిలాడు.
రేపు మళ్లీ ఇక్కడికే వస్తాదని తనే చెప్పి,
తడి చేత్తోనే అగ్గిపుల్ల గీసి
టపాకాయ విసిరాడు.
గట్టు అవతల్నుంచి ఒకటి లేచింది, పసుపు కాళ్లతో.
తారకేశు వేలు చూపించాడు.
"తీ… తీ… తీ…"
నేను నోరు తెరిచి మూసుకున్నాను.
నూకరాజు డబ్బా కొట్టడం ఆపాడు.
పైన అదీ అంతే,
తీ తీ అంటూనే
గౌతమి పాయ దాటిపోయింది.

చివరికి రెండోదే ఉంచుకున్నాను,
వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయని.
నీటికాకి గళ్లు రెంటినీ వదిలేసి
పక్కన ఇంకో గడి గీసింది సువర్చల.
అందులో ఏం రాయాలో ఇంకా తేలలేదు.

మిగతావి వెనక్కి పంపాలి.
ఒంటికన్ను బైనాక్యులర్సు తారకేశు ఇవ్వనంటున్నాడు.
గడువు నిన్నటితో అయిపోయింది.